‘లాగా’ దగ్గర ఆగిపోయిన యాత్ర

ఎడ్వర్డ్ ఏబీ రాసిన ‘డెజర్ట్ సాలిటైర్’ (1968) మొదటి అధ్యాయంలో ఒక చిన్న తడబాటు ఉంది. అమెరికాలో యూటా రాష్ట్రపు ఎడారిలో, ఇప్పుడు ఆర్చెస్ నేషనల్ పార్క్ అని పిలిచే చోట, ఏబీ 1956, 57ల్లో సీజనల్ రేంజర్‌గా పనిచేశాడు. అక్కడ పీఠం మీద నిలబెట్టినట్టున్న ఒక పెద్ద బండని మనకి చూపిస్తూ, అది ఈస్టర్ ద్వీపంలోని రాతి తలలా ఉందంటాడు. రాతి దేవుడంటాడు, బండబారిన రాక్షసుడంటాడు. అని, వెంటనే నాలుక కరుచుకుంటాడు. ప్రకృతికి మనిషి పోలికలు అంటగట్టే ఈ అలవాటునే కదా నేను వదిలించుకోవాలని ఇంతదూరం వచ్చింది, అనుకుంటాడు.

ఆ పేజీ చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే అదే పార్క్ గురించి, అదే బండ గురించి, ఆరేళ్ళ కిందట నేనూ ఒక యాత్రా వ్యాసం రాశాను. ఫైల్ తెరిచి వెతికి చూసుకున్నాను. వృత్తి రీత్యా వచ్చిన అలవాటు, ఏ అనుమానం వచ్చినా ముందు సెర్చ్ కొడతాను. సుమారు రెండు వేల మాటల వ్యాసంలో ‘లాగా’ ఇరవై మూడు సార్లు వచ్చింది. ‘మాటల్లో చెప్పలేం’ నాలుగు సార్లు. ఏబీ ఒక్కసారి నాలుక కరుచుకున్నాడు. నేను ఇరవై మూడు సార్లూ హాయిగా దాటిపోయాను.

ఈ వ్యాసం ఆ ఇరవై మూడు ‘లాగా’ల గురించి. నావి మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. మన యాత్రా రచన, ముఖ్యంగా అమెరికా నుంచి మనవాళ్ళు రాసేది, చాలావరకు ఆ మాట దగ్గరే ఆగిపోతోందని నా అనుమానం.

ఆ వ్యాసాల వరస అందరికీ తెలిసిందే. లాంగ్ వీకెండ్. అద్దె కారు. డిక్కీలో పులిహోర, చేగోడీలు. తెల్లవారుజామున బయల్దేరడం, దారిలో పెట్రోలు బంకు కాఫీని తిట్టుకోవడం. పార్క్ గేటు దగ్గర క్యూ. తర్వాత రాళ్ళు. ఒకటి నంది లాగా, ఒకటి శివలింగం లాగా, ఒకటి పడగ విప్పిన పాము లాగా. ఆ పైన ‘ప్రకృతి అనే శిల్పి’, ‘గాలి ఉలితో చెక్కిన’. చివర్లో సూర్యాస్తమయం, ఈ అనంత కాలంలో మనిషెంత అన్న నిట్టూర్పు. నా వ్యాసంలో ఇవన్నీ ఉన్నాయి, ఇదే వరసలో.

దీన్ని వెక్కిరించడం తేలిక. కానీ ‘లాగా’ ఎందుకు వస్తుందో కూడా చూడాలి. అది చదివేవాళ్ళ మీద ప్రేమతో వచ్చే మాట. ఇంటి దగ్గర ఉన్న అమ్మకో అత్తకో, వాళ్ళు ఎప్పుడూ చూడని దాన్ని చూపించాలి. వాళ్ళకి తెలిసినదాంతో కలిపి చెప్తే తప్ప దారి లేదు. పైగా నేను దివిసీమ వాణ్ణి. మా నేల మొత్తం కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. ఎంత లోతు తవ్వినా మట్టి, ఇసుక, ఆ తర్వాత ఉప్పునీళ్ళు. మా వైపు రాయి ఎక్కడినుంచో రావలసిందే. ఘంటసాల బౌద్ధ స్తూపం శిల్పాల సున్నపురాయి పైనుంచి, పల్నాడు వైపు నుంచి వచ్చింది. చిన్నప్పుడు నాకు రాయంటే రోడ్డు వేయడానికి లారీలో వచ్చే కంకర, బందరు వెళ్ళినప్పుడు చూసిన డచ్చివాళ్ళ సమాధుల పలకలు, ఇంట్లో రోలు, సన్నికల్లు. గుడివాడలో ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ టూర్‌లో బెజవాడ దాటాక మొదటిసారి సరైన కొండ చూశాననుకుంటా. లంక, మేట, పాయ, రేవు, పర్ర, కరకట్ట, తూము – నీటికీ మట్టికీ నా దగ్గర బోలెడు మాటలున్నాయి. రాయికి లేవు. మాట లేనివాడు పోలిక వెతుక్కుంటాడు. అందులో తప్పేముంది?

తప్పు పోలికలో లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ పార్క్‌లో పేర్లు చూడండి. త్రీ గాసిప్స్, షీప్ రాక్, టవర్ ఆఫ్ బేబెల్, పరేడ్ ఆఫ్ ఎలిఫెంట్స్, డెవిల్స్ గార్డెన్, పార్క్ అవెన్యూ. ఎడారి మధ్యలో న్యూయార్క్ వీధి పేరు! ఇంగ్లీషువాళ్ళూ ‘లాగా’తోనే మొదలుపెట్టారు. మా అమ్మ త్రీ గాసిప్స్‌ని చూసి, “రేవులో బట్టలు ఉతుక్కుంటూ ఊరి సంగతులు చెప్పుకునే అమ్మలక్కలే” అంది. ఆ పేరు పెట్టినవాళ్ళకీ మా అమ్మకీ చూపులో తేడా ఏమీ లేదు. తేడా వచ్చేది ఆ తర్వాతి వాక్యం దగ్గర. పోలిక చెప్పాక ఇంకా చూస్తున్నామా, లేక పని అయిపోయిందని కారెక్కుతున్నామా?

నేను కారెక్కాను. ఆ సంగతి తెలిసింది రెండోసారి వెళ్ళినప్పుడు, అమ్మానాన్నల్ని తీసుకుని.

బాలెన్స్‌డ్ రాక్ మొత్తం ఎత్తు 128 అడుగులు. పైన కూర్చున్న బండ ఒక్కటే 55 అడుగులు, బరువు దాదాపు 3,600 టన్నులని లెక్క. ‘ధ్యానంలో ఉన్న యోగి తల లాగా’ అని నేను రాసింది దీని గురించే. నాన్న దాని చుట్టూ ఒక రౌండు నడిచి వచ్చి, “ఏరా, ఆ మెడ దగ్గర రాయి వేరుగా ఉందేంటి? పైదంతా ఒక రకం, కిందది పొరలు పొరలుగా, మెత్తగా కనపడతంది” అన్నారు.

నిజమే. పైన ఉన్నది ఎంట్రాడా ఇసుకరాయిలో గట్టి పొర. కింద మెడ భాగం డ్యూయీ బ్రిడ్జ్ అనే మెత్తటి బురదరాయి పొర. మెత్తటిది తొందరగా అరిగిపోతుంది, గట్టిది నెమ్మదిగా. అందుకే పైన బరువు, కింద సన్నటి మెడ. ఏదో ఒక రోజు ఆ మెడ తెగుతుంది. పక్కనే ఇలాంటిదే ఒక చిన్న బండ ఉండేది, 1975-76 చలికాలంలో పడిపోయింది. ఇదంతా అక్కడ కళ్ళెదుటే ఉంది. నేను ‘తల’ అని రాశాను, ‘మెడ’ అనీ రాశాను. కానీ అది వేరే రాయి అని చూడలేదు. యోగి దొరికాడు కాబట్టి రాయి అక్కర్లేకపోయింది. రైతు కాబట్టి నాన్న పొర చూశారు. బావి తవ్వేటప్పుడు, చేపల చెరువు కొట్టేటప్పుడు ఏ పొర ఎక్కడ మారుతుందో చూడకపోతే డబ్బు పోతుంది.

తర్వాత ప్రశ్న ఇంకా ఇబ్బంది పెట్టింది. “సరే, ఈ రాళ్ళన్నీ ఇట్లా నిలువునా గోడలుగా చీలినయ్యేంట్రా? కిందేముంది?”

కింద ఉప్పుంది. సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సముద్రం వచ్చింది, ఆవిరైపోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆవిరైంది. కొన్నిచోట్ల వేల అడుగుల మందాన ఉప్పు మిగిలింది. దాని మీద కోట్ల ఏళ్ళపాటు ఇసుక, మట్టి పడి రాయిగా గట్టిపడ్డాయి. ఆ బరువు కింద ఉప్పు ఒకచోట ఉండదు. కదులుతుంది, ఒకచోట పైకి ఉబుకుతుంది, ఇంకోచోట కరిగి కుంగుతుంది. పైనున్న రాయి దాంతోపాటు వంగలేక వరసగా నిలువు పగుళ్ళు విచ్చుతుంది. ఆ పగుళ్ళలో వాన నీరు దిగుతుంది. ఇసుక రేణువుల్ని కలిపి ఉంచే సున్నాన్ని కరిగిస్తుంది. చలికాలంలో గడ్డకట్టి పగులుని ఇంకా విప్పుతుంది. పగుళ్ళ మధ్య మిగిలినవే ఆ సన్నటి రాతి గోడలు. గోడ కింద భాగం అరిగి రంధ్రం పడితే అది తోరణం. పార్క్‌లో అలాంటివి 2,000కి పైగా ఉన్నాయి. అంటే నేను రాసిన ‘గాలి ఉలి’ కవిత్వంగా మామూలుదే, పైగా సమాచారంగా తప్పు. అక్కడ ముఖ్యంగా పని చేసేది నీళ్ళు, మంచు, ఉప్పు. మా వైపు వాన ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు. అక్కడ అందులో నాలుగో వంతు కూడా కష్టమే. ఆ కొంచెం నీళ్ళే కొండని తోరణం చేశాయి.

ఇది నాన్నకి నేను బోర్డు చదివి చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. “ఉప్పు కింద ఉంటే ఊరుకోదురా, పైకి వస్తది” అన్నారు.

ఆయనకి ఆ సంగతి పుస్తకంలోంచి రాలేదు. 1977 నవంబర్ 19 నాటికి ఆయనకి పంతొమ్మిదేళ్ళు. ఆ రోజు సముద్రం దివిసీమ మీదికి మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు దాదాపు 10,000 మంది. మా తాతయ్యగారి పూరిల్లు, పశువులు, ధాన్యం అన్నీ పోయాయి. నీళ్ళు తీశాక పాత చోటే దొరికింది రోలు ఒక్కటే. తర్వాత చేలో ఉప్పు పూసింది. మంచినీళ్ళు పెట్టడం, నిలవగట్టడం, మురుగు కాలవలోకి వదలడం, మళ్ళీ పెట్టడం. కడిగిన ఉప్పు ఎండాకాలం మళ్ళీ పైకి తేలడం. ఆ పనిలో ఆయన యవ్వనం గడిచింది. నేలకి గట్టితనం ఉంటుందన్న నమ్మకం ఆయనకి లేదు. అందుకే ఎడారిలో నాకు కనపడని కదలిక ఆయనకి వెంటనే కనపడింది.

ఒక్క విషయం మాత్రం ఆయన్ని కలవరపెట్టింది. ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ 306 అడుగుల పొడవున సన్నటి రాతి పట్టీ. దానిలోంచి 1991లో అరవై అడుగుల పెచ్చు ఊడి పడింది. అదే డెవిల్స్ గార్డెన్ దారిలో వాల్ ఆర్చ్ 2008 ఆగస్టులో ఒక రాత్రి మొత్తంగా కూలిపోయింది. అది విని నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “రోలు ఒక్కటి కదలదనుకున్నా” అన్నారు.

ఈ వాక్యాన్ని నా మొదటి వ్యాసంలో ఎక్కడా ఇరికించలేను. దానికి చోటే లేదు అందులో. ‘అనంత కాలం ముందు మనిషెంత’ అన్న మాట ఆ చోటంతా ఆక్రమించేసింది.

మనకి వేరే దారి ఉండేదని గుర్తు చేసుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న బయల్దేరి, కాశీ దాకా వెళ్ళి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఆ పుస్తకంలో పరవశం తక్కువ. ఊరికీ ఊరికీ దూరం ఎంత, దారి ఇసుకా రేగడా రాళ్ళా, నీళ్ళు ఎక్కడున్నాయి, ఎలా ఉన్నాయి, ఏ సరుకులు దొరుకుతాయి, ఎవరెవరు ఉంటారు. వెనకాల వచ్చేవాడికి పనికొచ్చేలా రాసుకుంటూ పోయారు. అందులో ఆయన కాలపు, ఆయన కులపు చూపు నిండా ఉంది. ఆ దారుల్ని పాదాలతో చదివింది పల్లకీ మోసిన బోయీలు. అయినా పుస్తకంలో దారి ఉంది, నేల ఉంది. మన యాత్రా రచన అక్కడ మొదలై ఇక్కడికి ఎలా చేరిందో నాకు అంతుపట్టదు. మ్యాపు, ఫోటో ఫోన్లోకి వచ్చాక దూరం, దారి, నీళ్ళు చెప్పే పని మనకి తప్పింది. ఆ ఖాళీలో మనం అనుభూతి పోశాం. అది చల్లారాక ఏమీ మిగలటం లేదు.

అయితే ఏబీ లాగా రాయాలా? (మళ్ళీ లాగా!) అక్కడా నాకు పేచీ ఉంది. ఏబీ గొప్పతనం ఉండిపోవడంలో ఉంది. సీజన్ మొత్తం ఒకే చోట ఉంటాడు. జునిపర్ చెట్టునీ, పాముల్నీ, ఇసుక ఊబినీ, దాహాన్నీ రోజుల తరబడి చూస్తాడు. పోలిక వస్తే అనుమానిస్తాడు. ఇది మనం నేర్చుకోవలసిందే. కానీ పుస్తకం పేరులోనే ఉన్న ఏకాంతం కోసం ఆయన ఆ నేలని కాస్త ఎక్కువగానే ఖాళీ చేసి చూపిస్తాడు. డెలికేట్ ఆర్చ్‌కి వెళ్ళే, రానూపోనూ మూడు మైళ్ళ దారి మొదట్లోనే ఒక బండ మీద యూట్ జాతివాళ్ళు చెక్కిన బొమ్మలున్నాయి. గుర్రాల మీద మనుషులు, పక్కన కొండగొర్రెలు. గుర్రాలున్నాయి కాబట్టి స్పానిష్‌వాళ్ళు వచ్చిన తర్వాతివి, 1650కీ 1850కీ మధ్యవని అంచనా. ఆ పక్కనే వుల్ఫ్ రాంచ్. అంతర్యుద్ధంలో కాలు దెబ్బతిన్న జాన్ వెస్లీ వుల్ఫ్ 1898లో కొడుకుతో వచ్చి, ఆ వాగు పక్కన పశువుల్ని మేపుకుంటూ 1910 దాకా బతికాడు. వాగు పేరు సాల్ట్ వాష్. తెలుగులో చెప్తే ఉప్పువాగు. కొల్లేటి నీళ్ళని సముద్రానికి తీసుకెళ్ళే మా ఉప్పుటేరుకి వరసైన పేరు.

మోకాళ్ళ నొప్పి వల్ల నాన్న పైకి రాలేదు. మేం డెలికేట్ ఆర్చ్ దాకా ఎక్కి, క్యూలో నిలబడి ఫోటోలు దిగి వచ్చేసరికి ఆయన వాగు వంతెన దగ్గరే కూర్చునున్నారు. గట్టు మీద తెల్లటి గీత చూపించి, “ఇక్కడెట్లా బతికాడ్రా ఆ మనిషి పన్నెండేళ్ళు? ఈ నీళ్ళు గొడ్లు తాగినయ్యా?” అన్నారు. ఏబీకి ఆ ఎడారి మనుషుల నుంచి తప్పించుకునే చోటు. నాన్నకి అది ఎవరో బతకడానికి ప్రయత్నించిన చోటు. ఈ రెండో చూపు మన దగ్గర ఉంది, వీరాస్వామయ్యగారి నుంచీ ఉంది. నీళ్ళెక్కడ, తిండెక్కడ, ఎవరుంటారు అని అడిగే చూపు. అమెరికా వెళ్ళాక దాన్ని చేగోడీలతో పాటు డిక్కీలోనే వదిలేస్తున్నాం.

ఇదంతా ఎక్కడో ఉన్న రాళ్ళ గొడవ అనుకోవద్దు. తిరుమల కొండ మీద శిలాతోరణం ఉంది. 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న సహజమైన రాతి తోరణం. ప్రభుత్వం గుర్తించిన భూవిజ్ఞాన స్మారకం. స్వామి అడుగు పెట్టిన చోటని నమ్ముతారు, ఆ నమ్మకం మీద నాకు ఏ గొడవా లేదు. కానీ ఆ రాయి ఏ రాయి, ఆ సందు ఎలా పడింది అని ఒక్క వాక్యం రాసిన తెలుగు తిరుమల యాత్రా వ్యాసం నా కంట పడలేదు. యూటాలో తోరణం చూసి ‘అచ్చం మన శిలాతోరణం లాగా’ అని రాసినవాళ్ళు మాత్రం ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. రెండు చూడని వస్తువుల్ని పోల్చాను.

ఇంకా దగ్గరికి వస్తాను. నేనిప్పుడు పని చేసేది గచ్చిబౌలిలో. ఇక్కడి గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ళది. ఎంట్రాడా ఇసుకరాయి దీని ముందు నిన్నగాక మొన్నటిది. ఖాజాగూడ వైపు, యూనివర్సిటీ లోపల, ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. మిగతావాటి స్థానంలో మా ఆఫీసులున్నాయి. ఇక్కడ రాళ్ళని కాపాడాలని తొంభైల నుంచీ కొందరు పోరాడుతున్నారు. మా టీమ్‌లో సగం మందికి ఆర్చెస్‌లో దిగిన ఫోటో ఉంది. మా బిల్డింగ్ పునాది కోసం ఏ గుండు పేల్చారో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. తెలంగాణ, రాయలసీమ వాళ్ళ దగ్గర రాతికి మాటలున్నాయి. గుండు, బండ, సొరంగం, చరియ, పలుగురాయి, రాతి గుంటలో వాననీళ్ళు నిలిస్తే దొన. యూటా బండల మీద ఉండే నీటిగుంటలకి నేను ‘చిన్న చిన్న స్విమ్మింగ్ పూల్స్ లాగా’ అని రాశాను. దొన అన్న మాట అప్పటికే తెలుగులో ఉంది. పేరు తెలియని దాన్ని చూడటం కష్టం. చూడని దాన్ని పేల్చేస్తే బాధ కలగదు. యాత్రా రచన బాగాలేకపోవడం వల్ల జరిగే నష్టం ఇదేనని నాకు అనిపిస్తోంది. పేజీల్లో కనపడదు, బయట కనపడుతుంది.

నా ప్రతిపాదన పెద్దదేమీ కాదు. ‘లాగా’ని నిషేధించమనటం లేదు. నిషేధిస్తే మా అమ్మ అమ్మలక్కలు పోతారు, ఏబీ రాతి దేవుడూ పోతాడు. ‘లాగా’ వచ్చిన ప్రతిచోటా దాని తర్వాతి వాక్యం చూసుకుందాం. ఆ వాక్యం మళ్ళీ ఆ వస్తువు దగ్గరికి వెళ్తోందా? అది దేనితో అయింది, ఎలా నిలబడింది, ఎప్పుడు పడొచ్చు, దాని పక్కన ఎవరు బతికారు – వీటిలో ఒక్కటైనా చెప్తోందా? చెప్తుంటే ఆ పోలిక ఉండొచ్చు. లేకపోతే అది మనం చూడటం మానేసిన చోటు.

పాత వ్యాసంలో ఆ పేరా మళ్ళీ రాశాను. ఇలా వచ్చింది: ‘మొదట తల లాగా కనపడింది. చుట్టూ తిరిగితే తల పోయింది. పైన గట్టి ఎర్ర ఇసుకరాయి, కింద పొరలు పొరలుగా మెత్తటి రాయి. వాన కింద దాన్నే ముందు తింటోంది. మా నాన్న మెడ వైపు చూపించి, ఎన్నాళ్ళుంటదిరా ఇది అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఇద్దరం కాసేపు నీడ పడని వైపు నిలబడ్డాం.’

గొప్పగా లేదు. నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, “నీడ పడని వైపంటే తెలీదురా చదివేవాళ్ళకి. తూర్పా పడమరా, అది రాయి” అన్నారు. పడమర అని మార్చాను.